కత్తి ఉందా?

"చేతిలో ఆయుధం ఏమైనా ఉందా మేడం?"

ఫోనులో అడిగింది ఒక అమ్మాయి. గొంతుని బట్టి నాకంటే చిన్నదే. రాత్రి ఒకటీ నలభై అయింది. మాది నాలుగో అంతస్తు. అన్నయ్య బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి నిలబడి ఉన్నాడు. కింద నుంచి ఎవరో తనని పేరు పెట్టి పిలుస్తున్నారని అంటున్నాడు. కింద పార్కింగులో రెండు కార్లూ ఒక కుక్కా తప్ప ఎవరూ లేరు. అమ్మ రెండు చేతులతో తన చొక్కా వెనకవైపు గుప్పిట పట్టుకుని ఉంది. అన్నయ్యకి నిద్ర లేక అది నాలుగో రాత్రి.

అప్పటికే ఒక ప్రైవేటు ఆసుపత్రి అంబులెన్సుకి చేశాను. స్పృహలో ఉన్నారా, ఊపిరి ఆడుతోందా, రక్తం పోతోందా అని వరసగా అడిగారు. నేను చెప్పిన జవాబుల ప్రకారం మా అన్నయ్య నిక్షేపంలా ఉన్నాడు. "పేషెంటు రానంటే మేం బలవంతంగా ఎక్కించకూడదమ్మా. పోలీసులు ఉంటే చెప్పండి, వస్తాం" అన్నారు. న్యాయమైన మాటే. అందుకే ఈ రెండో ఫోను. (ఎవరు, ఏ ఆసుపత్రి, ఏ స్టేషను అన్నది రాయడం లేదు. ఇది ఫిర్యాదు కాదు. ఫిర్యాదే అయితే అందులో మొదటి పేరు నాది ఉండాలి.)

"మేడం, లైన్లో ఉన్నారా? ఆయుధం ఏమైనా ఉందా?"

"కత్తి ఉంది" అన్నాను.

అబద్ధం కాదు. మా ఇంట్లో కత్తి ఉంది. వంటింట్లో, ఉల్లిపాయల బుట్ట పక్కన. పిడి విరిగితే అమ్మ గుడ్డపేలిక చుట్టి వాడుతున్న కూరగాయల కత్తి.

భారతం విన్న వాళ్లకి ఇక్కడ ధర్మరాజు గుర్తొస్తాడు. నాకూ వచ్చాడు. ఆ రాత్రి మాత్రం కాదు, చాలా రోజుల తర్వాత. ద్రోణుడు నమ్మేది ఆయన నోటిమాటనే కాబట్టి ఆయన చేతే చెప్పించారు. చచ్చినవాడి పేరు గట్టిగా, చచ్చింది ఏనుగన్న సంగతి మెల్లగా. అప్పటిదాకా నేలకి నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ మాటతో నేలకి దిగిందంటారు. నా రథం ఎప్పుడూ నేల మీదే ఉంది, అందులో పోయిందేమీ లేదు. కానీ నేను మింగిన మాట "వంటింట్లో" అన్నది. ఆ ఒక్క మాట గొంతు దాటి బయటికొచ్చి ఉంటే ఆ రాత్రి ఇంకోలా ఉండేది. ఎలా అన్నదే మూడేళ్లుగా నాకు తేలడం లేదు.

వాళ్లు ఏడు నిమిషాల్లో వచ్చారు. ఆ ఏడు నిమిషాల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఎందుకంటే అసలు తప్పు, అది తప్పే అయితే, ఫోనులో కంటే ఆ ఏడు నిమిషాల్లోనే ఎక్కువ ఉంది.

నేను ఇంటర్‌కమ్‌లో వాచ్‌మన్‌ని లేపి గేటు తియ్యమని చెప్పి బాల్కనీలోకి వచ్చేసరికి అమ్మ అడుగుతోంది: "ఎవరు నాన్నా పిలుస్తోంది? ఏమంటున్నారు?" తగ్గించడానికో మాయ చెయ్యడానికో అడిగినట్టు లేదు. నిజంగానే అడుగుతోంది. మా అమ్మ ఏలూరు దగ్గర పల్లెటూళ్లో పుట్టి పెరిగిన మనిషి. వాళ్ల ఊళ్లో జాతరకి ఎవరికైనా పూనకం వస్తే చుట్టూ చేరి ముందు అడిగే మాట "ఏం కావాలి తల్లీ" అని. అమ్మకి సైకియాట్రీ తెలీదు, ఆ ప్రశ్న తెలుసు. (పల్లె వైద్యాన్ని ఇక్కడ పొగడబోవడం లేదు. అదే ఊళ్లో వేపమండలతో ఒళ్లు చీరేసినవాళ్లనీ అమ్మ చూసింది. ప్రశ్న మంచిది అంటున్నానంతే.) అన్నయ్య జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. తను ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పే మాస్టారు. ఏదైనా వివరంగా చెప్పాలంటే కూచుని చెప్పడం అలవాటు. చెబుతూ చెబుతూ కుర్చీ దిగాడు. నేల మీద కూచున్నాడు. అమ్మ స్టీలు గ్లాసుతో నీళ్లిచ్చింది. తాగాడు.

నాలుగో నిమిషమో అయిదో నిమిషమో అయి ఉంటుంది. నా చేతిలో ఫోను ఉంది. మళ్లీ అదే నంబరుకి చేసి "కత్తి లేదండీ, కిందికి దిగాడు, మెల్లగా రండి" అని చెప్పొచ్చు. చెయ్యలేదు. మరిచిపోలేదు, ఆలోచించే మానేశాను. మెల్లగా రమ్మంటే అసలే రారేమో. మళ్లీ కుర్చీ ఎక్కితే? రెండోసారి చేస్తే నమ్ముతారా? అందుకని కత్తిని అలాగే అన్నయ్య చేతిలో ఉంచి, తలుపు తీసి నిలబడ్డాను.

ముందొచ్చిన కుర్ర కానిస్టేబులు నా మొహం చూడలేదు. నేరుగా అన్నయ్య చేతుల వైపు చూశాడు. "కత్తెక్కడ? కింద పడెయ్!" అన్నాడు. అన్నయ్యకి అర్థం కాలేదు. చూపించడానికి రెండు చేతులూ ఎత్తాడు. కుడి చేతిలో స్టీలు గ్లాసు ట్యూబులైటు వెలుగుకి మెరిసింది. లాఠీ మణికట్టు మీద పడింది. ఒక్కటే దెబ్బ. గ్లాసు దొర్లుకుంటూ సోఫా కిందికి పోయింది. తర్వాత మోకాలు వీపు మీద, చేతులు వెనక్కి, దండెం మీది తువ్వాలుతో ముడి. అంతా నిమిషం పట్టలేదు. ఆ కుర్రాడు వణుకుతున్నాడు, నేను చూశాను. కత్తి ఉన్న మనిషి ఇంట్లోకి వచ్చానని అనుకుంటున్నాడు మరి. ఆ భయం నేనిచ్చిందే.

"ఏ కత్తి?" అన్నాడు అన్నయ్య, చెంప నేలకి ఆనించి. కానిస్టేబుల్ని కాదు, నన్నే అడిగాడు.

బండి గేటు దాటాక వెనక కూచున్న హెడ్ కానిస్టేబులు, పెద్దాయన, తువ్వాలు ముడి తనే విప్పాడు. అన్నయ్య మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "విరగలేదు లెండి సార్" అన్నాడు. "సార్" అన్న మాట అన్నయ్యని ఎంత నెమ్మదింపజేసిందో చెప్పలేను. తర్వాత నా వైపు తిరిగి, కోపం లేకుండానే అన్నాడు: "కత్తి లేదని ముందే చెప్పుంటే లాఠీ బండిలోనే పెట్టి వచ్చేవాళ్లం కదమ్మా."

చెప్పుంటే వచ్చేవాళ్లా? ఆ ప్రశ్న నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆయన్ని చూస్తే, ఏమో, వచ్చేవాడేమో అనిపించింది. అదే ఇంకా బాధ.

ఆ తర్వాత వారం రోజులు ఆసుపత్రి వరండాలో కూచున్నప్పుడు నాలాంటి వాళ్లు చాలామంది పరిచయమయ్యారు. అక్కడ బెంచీల మీద జరిగే సంభాషణలన్నీ చివరికి "మీరెలా తీసుకొచ్చారు?" అన్న దగ్గరికే వస్తాయి. ఒకాయన కొడుకు గ్యాస్ బండ వదిలేస్తానన్నాడని చెప్పాడట. కొడుకు ఆ మాట అన్నది ఆర్నెల్ల కింద. ఇంకొకావిడ, భర్తని తీసుకొచ్చింది, నాకు ఇప్పటికీ చెవుల్లో ఉన్న మాట అంది: "ఏడుస్తున్నాడంటే ఎవరొస్తారమ్మా? కొడుతున్నాడంటే వస్తారు."

అందరం ఎవరూ నేర్పకుండానే ఒకే పాఠం నేర్చుకున్నాం. మన వాళ్ల కోసం సాయం అడగాలంటే ముందు మన వాళ్ల మీద చాడీ చెప్పాలి. 

"అత్యవసరం" అనే మాట చూడండి. అతి, అవసరం. ఎవరి అవసరం? పడిపోయిన మనిషి అవసరమే కదా. గుండెనొప్పి వచ్చినప్పుడు, రోడ్డు మీద బండి గుద్దినప్పుడు, నొప్పులొచ్చినప్పుడు మనం ఆ మాటని ఆ అర్థంలోనే వాడతాం. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైనప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. నా వయసు వాళ్లకి "కుయ్ కుయ్" అంటే ఎవరికో ప్రాణం మీదికొచ్చింది, వాళ్ల కోసం ఒక బండి వెళ్తోంది అని. ఎంత గొప్ప నమ్మకం అది! ఫోన్ చేసేవాడు రోగిని మంచివాడనీ చెప్పక్కర్లేదు, చెడ్డవాడనీ చెప్పక్కర్లేదు. నొప్పి ఉందంటే చాలు. కానీ మనసు తప్పినప్పుడు మాత్రం ఆ మాట అర్థం నిశ్శబ్దంగా మారిపోతుంది. అవసరం పక్కకి పోయి ప్రమాదం ముందుకొస్తుంది. అన్నయ్యకి నాలుగు రాత్రులుగా నిద్ర లేదన్నదీ, కొళాయి చప్పుడుకి కూడా ఉలిక్కిపడుతున్నాడన్నదీ ఎవరి ఫారంలోనూ పట్టే సమాచారం కాదు. కత్తి పడుతుంది.

దీనికి ఫోనెత్తిన అమ్మాయిని అని లాభం లేదు. ఆమె ముందు ఒకే సమయంలో ఎన్నో ఫోన్లు, అటువైపు ఉన్నవి కొన్నే బండ్లు. ఎవరికి ముందు పంపాలో తేల్చడానికి ఆమెకొక కొలబద్ద కావాలి, అందరికీ ఒకేలా కొలిచేది. ఏడుపుకి కొలత లేదు, ఆయుధానికి ఉంది. తప్పు కొలబద్దలో ఉంది అనడం తేలిక. నేనే అక్కడ కూచుంటే ఏం అడిగేదాన్ని? నేనూ అదే అడిగేదాన్నేమో. వెళ్తున్నది నా తోటి మనిషి కదా, అతనికి ముందే చెప్పాలి కదా.

చట్టం ఏమంటుందో తర్వాత చదివాను. పని అయిపోయాక చట్టం చదవడం మన అలవాటు. 1912 నాటి చట్టం పేరులోనే "లూనసీ" ఉండేది. 1987లో దాన్ని తీసేసి ఇంకోటి తెచ్చారు. అందులోనూ పోలీసు పట్టుకుని మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచే పద్ధతే. ఇప్పుడున్నది 2017 నాటి మెంటల్ హెల్త్‌కేర్ చట్టం. దాని 100వ సెక్షన్ చదువుతుంటే నాకు కొంచెం సిగ్గేసింది, అంత మర్యాదగా ఉంది. మానసిక అనారోగ్యంతో తనని తాను చూసుకోలేక తిరుగుతున్న మనిషినో, తనకో ఇతరులకో ముప్పుగా ఉన్న మనిషినో పోలీసు అధికారి "రక్షణలోకి" తీసుకోవాలట. అరెస్టు అన్న మాట లేదు. ఎందుకు తీసుకుంటున్నారో ఆ మనిషికే చెప్పాలి, అర్థం చేసుకునే స్థితిలో లేకపోతే నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌కి చెప్పాలి. 24 గంటలు దాటకుండా దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఆరోగ్య సంస్థకి తీసుకెళ్లాలి. ఎట్టి పరిస్థితిలోనూ లాకప్పులో పెట్టకూడదు.

కారణం ఆ మనిషికే చెప్పాలి అన్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ రాత్రి కుర్ర కానిస్టేబులు ఈ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించి ఉంటే ఏమని చెప్పేవాడు? "సార్, మీ దగ్గర కత్తి ఉందని మీ చెల్లెలు చెప్పింది" అని.

94వ సెక్షన్ అత్యవసర చికిత్స గురించి. ఎప్పుడు చెయ్యొచ్చు? ప్రాణం పోయేలా ఉన్నా, ఆరోగ్యానికి మళ్లీ బాగుచెయ్యలేని నష్టం జరిగేలా ఉన్నా, తనకో ఇంకొకరికో తీవ్రమైన హాని చేసేలా ఉన్నా, ఆస్తికి పెద్ద నష్టం చేసేలా ఉన్నా. 72 గంటలు మించకుండా. పరీక్ష కోసం ఆసుపత్రికి చేర్చడం కూడా ఆ చికిత్సలో భాగమేనని చట్టమే రాసింది. ఈ వాక్యం నాకు బాగా నచ్చింది. అంటే బండి ఎక్కించడం అనేది వైద్యానికి ముందు జరిగే ఏదో మోటు పని కాదు, అదే మొదటి మందు. మా అన్నయ్యకి ఆ మొదటి మందు ఒక లాఠీ దెబ్బా, తువ్వాలు ముడీ, ఆ తర్వాత "సార్" అనే మాటా. మూడూ ఒకే బండిలో వచ్చాయి.

అయితే ఈ జాబితాలో కూడా చూడండి, ఆస్తి ఉంది. భయం లేదు. మనిషి భరించలేనంత భయపడుతున్నాడు అన్నది దానికదే కారణంగా ఎక్కడా లేదు. ఉండకూడదనే వాళ్ల వాదనా నాకు తెలుసు. రేపు ఎవరైనా ఎవరినైనా "భయపడుతున్నాడు" అని ఎత్తుకెళ్లిపోవచ్చు, ఆస్తి తగాదాల్లో పిచ్చి అంటగట్టిన కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. గీత బిగువుగా ఉండడం అన్నయ్యకి రక్షణే. కాకపోతే గీత బిగిసేకొద్దీ ఫోన్ చేసేవాళ్లు అబద్ధాన్నీ అంతే బిగిస్తారు. 

ఈ విషయంలో మన కళ్ల ముందు జరిగిన ఒక దృశ్యం తెలుగువాళ్లందరికీ గుర్తుండాలి. 2020 మే 16న విశాఖపట్నంలో నడిరోడ్డు మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టేసిన మనిషి. డాక్టర్ సుధాకర్, నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో మత్తు వైద్యుడు. కరోనా మొదట్లో మాస్కులు ఇవ్వడం లేదని బహిరంగంగా మాట్లాడి ఏప్రిల్‌లో సస్పెండ్ అయినాయన. ఆ రోజు ఆయన్ని కొట్టిన కానిస్టేబుల్ని తర్వాత సస్పెండ్ చేశారు. ఆయన్ని మానసిక వైద్యశాలకి పంపారు. హైకోర్టు తనంతట తానే పట్టించుకుని దర్యాప్తు సీబీఐకి ఇచ్చింది. మరుసటి ఏడాది మే నెలలో ఆయన గుండెపోటుతో పోయారు. ఆ రోజు నిజంగా ఏం జరిగిందో తేల్చడం నా పని కాదు. నాకు గుర్తున్నది ఆ వారం టీవీల్లో, వాట్సాపుల్లో జరిగిన వాదన. ఒక పక్షం ఆయన తాగాడంది, మతి స్థిమితం లేదంది. ఇంకో పక్షం ఆయనకి ఏమీ లేదు, నిక్షేపంలా ఉన్నాడు, కక్షకట్టి చేశారంది. రెండు పక్షాలూ ఒక విషయంలో మాత్రం ఏకమయ్యాయి. మతి తప్పి ఉంటే తాడు సబబే అన్నట్టుగానే రెండూ మాట్లాడాయి. ఆయనకి బాగుందని రుజువైతేనే ఆ తాడు నేరం. బాగోలేకపోతే ఆ తాడు ఇంకా పెద్ద నేరం కదా అన్న మాట నేను చూసిన చర్చల్లో ఎవరి నోటా రాలేదు. నా నోటా రాలేదు. మా హాల్లో కూచుని ఆ వీడియో చూసి "పాపం డాక్టరు, పిచ్చివాణ్ణి కట్టేసినట్టు కట్టేశారు" అన్నాను. పక్కన అన్నయ్య ఉన్నాడు. ఏమీ అనలేదు.

ఇంకోలా ఉండే వీలుందా అని వెతుకుతుంటే అమెరికాలో మెంఫిస్ నగరం దొరికింది. నేను చదవడం మొదలుపెట్టిందే అక్కడ ఒక తల్లి చేసిన ఫోను వల్ల. 1987లో ఆవిడ కొడుకు, ఇరవై ఏడేళ్లవాడు, కత్తితో తనని తాను కోసుకుంటుంటే ఎమర్జెన్సీకి ఫోన్ చేసింది. అక్కడ కత్తి నిజం. వచ్చిన పోలీసులు అతన్ని కాల్చి చంపారు. ఊరంతా గొడవయ్యాక, మరుసటి ఏడాది అక్కడి పోలీసులూ, వైద్యులూ, ఇలాంటి ఇళ్లవాళ్లూ కూచుని ఒక పద్ధతి తయారుచేశారు. ఇష్టపడి ముందుకొచ్చిన పోలీసులకి 40 గంటల శిక్షణ. ఎలా మాట్లాడాలి, ఎంత దూరంలో నిలబడాలి, ఎప్పుడు ఏమీ చెయ్యకుండా ఉండాలి. తర్వాత అది చాలా ఊళ్లకి పాకింది.

ఆరెగన్ రాష్ట్రంలో యూజీన్ అనే ఊరు ఇంకో అడుగు వేసింది. 1989 నుంచి అక్కడ ఒక చిన్న క్లినిక్ నడిపిన వ్యాను తిరిగేది. అందులో ఇద్దరే. ఒకరు వైద్యం తెలిసినవాళ్లు, ఇంకొకరు ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్లతో మాట్లాడడం తెలిసినవాళ్లు. తుపాకీ లేదు, యూనిఫాం లేదు. ఎమర్జెన్సీకి వచ్చిన ఫోన్లలో తగినవాటికి పోలీసు బదులు ఈ వ్యానునే పంపేవాళ్లు. అంటే ఫోనెత్తిన మనిషి ముందు పోలీసు, అంబులెన్సు, ఫైరు కాకుండా నాలుగో గడి ఒకటి ఉండేది. మూడు దశాబ్దాలకి పైగా తిరిగిన ఆ వ్యాను డబ్బుల్లేక 2025 ఏప్రిల్‌లో ఆ ఊళ్లో ఆగిపోయింది. ఆ వార్త చదివిన రోజు నాకెందుకో మన వాళ్లెవరో పోయినట్టు అనిపించింది. నేనెప్పుడూ చూడని ఊరు, ఎక్కని బండి.

మనకీ 14416 ఉంది, టెలీ మానస్. 2022 అక్టోబరు 10న మొదలైంది. తెలుగులో మాట్లాడతారు, ఏ వేళప్పుడైనా. ఆ రాత్రి నాకు ఆ నంబరు తెలీదు, ఇప్పుడు తెలుసు, ఒకటి రెండుసార్లు నా కోసమే చేశాను కూడా. మంచి నంబరు. కానీ అది ప్రధానంగా మాట సాయం. నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చి, బాల్కనీలో నేల మీద కూచుని, "ఎవరు పిలుస్తున్నారు సార్?" అని అడిగే మనిషి కావాలి. ఆ రాత్రి మా అమ్మ చేసింది అదే. అమ్మకి జీతమూ లేదు, శిక్షణా లేదు, పైగా మోకాళ్ల నొప్పులు.

అలాంటి మనిషి ఎప్పుడూ రాని చోట ఇంటివాళ్లే అన్నీ అవుతారు. అమ్మ వాళ్ల ఊళ్లో పశువుల పాకలో ఒకతన్ని గొలుసుతో కట్టి ఉంచేవారు. చిన్నప్పుడు సెలవలకి వెళ్లినప్పుడు చూశాను. కాలికి గొలుసు, గొలుసుకీ చర్మానికీ మధ్య మెత్తటి పాత చీర ముక్క. రోజూ ఆ ముక్క మార్చేది వాళ్లమ్మ. దొడ్డు బియ్యం ఊళ్లో కొడుకు కోసం సన్నబియ్యం కొని వండేది. పెద్దయ్యాక ఏర్వాడి గురించి చదివాను, 2001లో గుడిసెకి నిప్పంటుకుని గొలుసులతోనే 28 మంది కాలిపోయిన చోటు. 2017 చట్టం గొలుసులని పూర్తిగా నిషేధించింది. నిషేధించాల్సిందే. కానీ ఆ చీర ముక్కని నేను క్రూరత్వం అనలేను, ప్రేమ అని కూడా అనలేను. మా తువ్వాలు ముడికీ దానికీ ఉన్న తేడా ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అన్నయ్య ఇంటికొచ్చిన మూడు వారాలకి, మందులు కాస్త కుదిరాక, ఓ సాయంత్రం టీ తాగుతూ అడిగాడు. "ఆ రోజు ఫోన్లో ఏమని చెప్పావ్ చిన్నీ?"

చెప్పాను. మొత్తం, ఉన్నదున్నట్టు. నాలుగో నిమిషం దగ్గర మళ్లీ ఫోన్ చెయ్యకపోవడం గురించి కూడా.

కోప్పడతాడనుకున్నాను. కాసేపు ఊరుకుని "నువ్వు అలా చెప్పకపోతే వచ్చేవాళ్లు కాదా?" అన్నాడు. తెలీదన్నాను. "నేను నిజంగానే కత్తి పట్టుకుంటానని అనుకున్నావా?" అన్నాడు. దీనికి జవాబు ఇంకా కష్టం. ఆ రాత్రి కుర్చీ మీద ఉన్న మనిషి గురించి నాకేమీ తెలీదు. "అనుకోలేదు, కానీ చెప్పిన తర్వాత కొంచెం అనుకున్నాను" అన్నాను. ఇది నిజం. నా నోట్లోంచి వచ్చిన కత్తిని నేనే కాసేపు నమ్మాను. బాల్కనీలోకి తిరిగి వెళ్లినప్పుడు అన్నయ్యకి రెండడుగులు దూరంగా నిలబడ్డాను. అమ్మ మాత్రం చొక్కా వదల్లేదు.

అదే చట్టంలో 5వ సెక్షన్ ప్రకారం ఎవరైనా, ఆరోగ్యంగా ఉన్నప్పుడు, తనకి బాగోనప్పుడు ఎలా చూడాలో, ఎలా చూడకూడదో ముందే రాసి పెట్టుకోవచ్చు. ముందస్తు ఆదేశం అంటున్నారు. రాద్దామా అని నేనే అడిగాను. లెక్కల మాస్టారు కదా, ముందు చట్టం మొత్తం చదివాడు. చదివి నవ్వాడు. 9వ సెక్షన్ చూపించాడు. ఈ ఆదేశం అత్యవసర చికిత్సకి వర్తించదు. "ఇల్లు కాలేటప్పుడు తప్ప మిగతా అన్ని వేళల్లో పనిచేసే ఫైరింజన్ ఇది" అన్నాడు. అయినా రాశాడు. సర్కారు కోసం కాదులే, మన కోసం అన్నాడు.

ఒక తెల్లకాగితం, తన గుండ్రటి చేతిరాత. ట్యూబులైటు తీసేసి చిన్న బల్బు వెయ్యండి. అమ్మని మాట్లాడనివ్వండి, ఆమె అడిగేదానికి అడ్డు రావద్దు. నా పేరు పెట్టి పిలవండి, కానీ పదే పదే వద్దు. బాల్కనీ తాళం నీ దగ్గరే ఉంచుకో. ఏ మందు పడిందో, ఏది పడలేదో. డాక్టరు నంబరు. పోలీసుల్ని పిలవొద్దు అని ఉంటుందనుకున్నాను, లేదు. దాని బదులు కింద ఇలా ఉంది: "చిన్నికి ఫోన్ చెయ్యాలనిపిస్తే చెయ్యొచ్చు. ఎవరికైనా చెయ్యొచ్చు. కానీ నాకు వినపడేలా చెయ్యాలి."

అది చదివి "నువ్వప్పుడు వినే స్థితిలో ఉంటావా?" అన్నాను. "ఆ రోజు కూడా అన్నీ విన్నాను, నువ్వు లోపలికెళ్లి మాట్లాడావు కాబట్టి అది ఒక్కటే వినపడలేదు" అన్నాడు.

అంతవరకూ నాకు తట్టనేలేదు. ఫోను చెవిలో పెట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. నేను "కత్తి ఉంది" అన్నప్పుడు కత్తికి అడుగు దూరంలో ఉన్నది నేనే.

కాగితం ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉంది, మామిడిపండు మాగ్నెట్ కింద. వచ్చినవాళ్లు చూస్తారని అమ్మకి కొంచెం నామోషీ. మొన్న సంక్రాంతి సెలవల్లో అన్నయ్యే అన్నాడు, ఒకసారి చేసి చూపించు అని. ఫోన్ లాక్ కూడా తియ్యకుండా చెవి దగ్గర పెట్టుకుని, తన ఎదురుగా నిలబడి మొదలుపెట్టాను.

"హలో అండీ. నాలుగో అంతస్తు. బాల్కనీలో ఒకతను ఉన్నాడు..."

"ఒకతను ఏంటే?" అన్నాడు. "మళ్లీ చెప్పు."

"హలో అండీ. మా అన్నయ్యకి నాలుగు రాత్రులుగా నిద్ర లేదు. బాగా భయపడుతున్నాడు. బాల్కనీలో కుర్చీ ఎక్కాడు. చేతిలో ఏమీ లేదు. మా అమ్మ పట్టుకుని ఉంది."

అన్నయ్య తలూపాడు. అమ్మ వంటింట్లోంచి, ఉల్లిపాయలు తరుగుతూనే, "వస్తామన్నారా?" అని అడిగింది.